టెంకాయ నిలబడిన చోటు

"బావా, ఈ భూమ్మీద యాడ ఏది దాగినా సరే, ఈ హనుమంతప్ప కంటికి మాత్రం దాగదు!"

ఈ ప్రకటన చేసే సమయానికి అతను మా మంచం కింద దూరి రెండో చెప్పు కోసం వెతుకుతున్నాడు. అది అతని కాలికే ఉంది.

హనుమంతప్ప నా భార్య తమ్ముడు. ఆమె పోయింది, ఇతను మిగిలాడు. దేవుడి లెక్కలు నేను అడగను.

గార్లదిన్నె చుట్టుపక్కల అతను బోర్లకు పాయింటు పెట్టేవాడు. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా తిరిగేవాడు. కింద నీళ్ళున్న చోట టెంకాయ తనంతట తాను లేచి నిలబడుతుందట. నిలబడేది. రైతు బోరు వేయించేవాడు. దుమ్ము లేచేది. హనుమంతప్ప మూతికి తుండు కట్టుకుని, "నీళ్ళు ఉండాయప్పా, పక్కకు జరిగినాయి" అనేవాడు. నమ్మే రైతులు అయిపోయాక, 2003 ఎండాకాలంలో డిటెక్టివ్ అయ్యాడు.

"నేలలో దాగిన నీళ్ళు పట్టినోన్ని. మనిషిలో దాగిన నిజం పట్టేదెంత?"

"నీళ్ళు యాడ పట్టినావప్పా?"

"అది వేరే కేసు బావా."

అతనికి నేను కేసు ఇవ్వవలసిన గతి పట్టింది. నా కూతురు ప్రశాంతికి రాప్తాడు నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడి పేరు వీరేష్. మధ్యవర్తి ఎర్రిస్వామి బస్టాండులో నిలబడి, "పిల్లోడు బంగారం బయ్యన్నా. బీడీ లేదు, పేకాట లేదు. కాకపోతే ఒకటుండాది..." అన్నాడు. అంతలో బస్సు వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ కనిపించినప్పుడు అడిగితే, "ఏం లేదులేన్నా, ఊరికే అన్నా" అన్నాడు. సంబంధాలు కుదిర్చేవాడు ఏదీ ఊరికే అనడు.

ఆ ఒకటి ఏమిటో నాకు తెలియాలి. నా భార్య బతికి ఉంటే అరపూటలో తేలిపోయేది. నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల వరుసలో ఆడవాళ్ళు పది ఊళ్ళ గుట్లు విప్పుతారు. ఆ వరుసలో మగవాడు నిలబడితే అందరూ ఎండ గురించి మాట్లాడతారు. కాబట్టి నాకు మిగిలింది హనుమంతప్ప.

ఇంట్లో పెళ్ళిచూపులు పెట్టి కుదరకపోతే ఊరంతా అడుగుతుంది. అందుకని రెండు కుటుంబాలూ అనంతపురం జూలో 'అనుకోకుండా' కలిసేలా ఎర్రిస్వామి ఏర్పాటు చేశాడు. కుదిరితే సంబంధం, కుదరకపోతే జంతువులను చూసి వచ్చినట్టు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నేను మాట చెప్పాలి. వాళ్ళకు ఇంకో పిల్ల సిద్ధంగా ఉంది. నాకు ఇంకో కూతురు లేదు.

ఊరి బయట ఆ జూ చిన్నది. ఒక ముసలి సింహం, ఒక ఎలుగుబంటి, కొన్ని జింకలు. మొసలి మడుగు ఎండిపోయింది. నెర్రెలు వారిన మట్టిలో మొసలి నోరు తెరుచుకుని, రైతులాగా ఆకాశం కేసి చూస్తోంది.

హనుమంతప్ప మారువేషంలో వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, ఉన్ని మంకీ టోపీ, చేతిలో టెంకాయ. మే నెల. అతను కోతుల బోను ముందు ఆగితే పిల్లలు బోనుకు వీపు తిప్పి ఇతన్ని చూశారు.

"గుర్తుపట్టినావా బావా?"

"నీ పక్కనే కూర్చోని బస్సులో వచ్చినా గదప్పా."

"ష్! మన మధ్య పరిచయం లేదు."

వీరేష్ వచ్చాడు. తెల్లచొక్కా, కత్తిలాంటి ఇస్త్రీ. పక్కన తల్లి నల్లమ్మ. గొడుగు ఆమె చేతిలో ఉంది, నీడ కొడుకు మీద ఉంది. తండ్రి సుమోలోనే నిద్రపోతున్నాడట.

"పిల్లోళ్ళు మాట్లాడుకోనీ అన్నా. నేను అట్ల నెమళ్ళను చూసొస్తా" అని నల్లమ్మ వెళ్ళింది.

ప్రశాంతి, వీరేష్ జింకల కంచె దగ్గర నిలబడ్డారు. నేను కొంచెం దూరంలో బెంచీ మీద కూర్చున్నాను. మా అమ్మాయే మొదలుపెట్టింది.

"జూ అంటే ఇష్టమేనా మీకు?"

"ఒక్క నిమిషం" అని వీరేష్ గబగబా పెద్ద కానుగచెట్టు వెనక్కు వెళ్ళాడు. తిరిగి వచ్చి, "ఇష్టమే" అన్నాడు.

"పెండ్లయినాక నేను టీచరు పని చేస్తానంటే?"

"ఒక్క నిమిషం." చెట్టు వెనక్కు. మళ్ళీ వచ్చి, "చేయొచ్చు. శనివారం మాత్రం వద్దు."

ప్రతిసారీ మొహం తుడుచుకుని, కొత్త ధైర్యంతో వస్తున్నాడు. బెంచీ వెనక నుంచి మంకీ టోపీ లేచింది.

"బావా! కేసు చిక్కబడింది. చెట్టెనక సీసా ఉండాది. గుటకేస్తాడు, మూతి తుడుచుకుంటాడు, జవాబు చెప్తాడు. పచ్చి తాగుబోతు!"

"నువ్వు చూసినావా?"

"చూసేది పోలీసోళ్ళు. డిటెక్టివు ఊహిస్తాడు."

నవ్వాలనుకున్నాను. నవ్వు రాలేదు. మా ఊళ్ళో సగం మంది మగవాళ్ళు రెండు గుటకల ధైర్యం మీదే బతుకుతున్నారు. వాళ్ళ పెళ్ళాలు ఎలా బతుకుతున్నారో నేను రోజూ చూస్తున్నాను. ఎర్రిస్వామి మింగిన మాట ఇదే అయితే, సాయంత్రం గేటు దగ్గర సరేనంటే నేను బిడ్డ గొంతు కోసినట్టే.

"సాక్ష్యం చూపీ అప్పుడు" అన్నాను.

హనుమంతప్ప అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని బయలుదేరాడు. చెట్టుకు ఇవతల సిమెంటు కుందేలు ఒకటి ఉంది. దాని తెరిచిన నోరే చెత్తబుట్ట. 'చెత్త నాకు పెట్టండి' అని పొట్ట మీద రాశారు. దాని ముందు టెంకాయ లేచి నిలబడింది. చిటికెన వేలితో అతనే ఎత్తాడని నాకు తెలుసు.

"ఈడే! సీసా ఈడే పారేసినాడు!" అంటూ టెంకాయ కింద పెట్టి, కుందేలు నోట్లో మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. "దొరికింది బావా! గాజు సీసా!"

తర్వాత కేక పెట్టాడు. "ఎవడో లోపల పట్టుకున్నాడు! గ్యాంగు ఉండాది!"

"గ్యాంగు లేదు, ఏం లేదు. పిడికిలి ఆ సందులో పట్టల్యా. సీసా వదులు, చెయ్యి వస్తాది."

"ప్రాణమన్నా వదుల్తా గానీ సాక్ష్యం వదల!"

జనం మూగారు. సింహం దగ్గర ఒక్కరూ మిగల్లేదు. ఒక పెద్దాయన మనవణ్ణి భుజాల మీదికి ఎత్తుకుని, "చూడు నాయనా, కుండలో శనక్కాయలు పెట్టి కోతిని పట్టేది ఇట్లనే" అని వివరించాడు.

ప్రశాంతి పరుగెత్తుకొచ్చింది. వీరేష్ ఏడని చూశాను. కానుగచెట్టు వెనక నుంచి గొడుగు కనిపించింది. గొడుగు కింద నల్లమ్మ రాతి మీద కూర్చుని ఉంది. ఎదురుగా కొడుకు. ఆమె కొంగుతో అతని మొహం తుడుస్తోంది. నెమళ్ళు జూకి ఆ చివర ఉన్నాయి.

అప్పటికీ నాకు తట్టలేదు. "వయసులో ఉండావు, కొంచెం వచ్చి ఆ చెయ్యి పట్టి లాగప్పా" అన్నాను.

వీరేష్ చేతిని చూశాడు. తల్లిని చూశాడు.

"మా, లాగేదా?"

"వద్దు నాయనా. ఇస్త్రీ నలుగుతాది."

"ఇస్త్రీ నలుగుతాదంట" అని నాకు చెప్పాడు.

ప్రశాంతి చెట్టును చూసింది, గొడుగును చూసింది. "జూ ఇష్టమేనా అని అడిగితే గూడా, ఈడికొచ్చి కనుక్కున్యారా?"

వీరేష్ "ఒక్క నిమిషం" అని తల్లి వైపు తిరిగాడు.

జనంలో ఎవరో నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. కింద ఉన్న టెంకాయ తీసుకుంది.

"మామా, మొహం పక్కకు తిప్పుకో."

"అమ్మీ, అది నా పనిముట్టు!"

మొదటి దెబ్బకు కుందేలు దవడ బీట వారింది. రెండో దెబ్బకు దవడా పగిలింది, టెంకాయా పగిలింది. సీసాతో సహా చెయ్యి బయటికొచ్చింది. హనుమంతప్ప దాన్ని జెండాలాగా పైకెత్తాడు. ఏ తల్లో పారేసిన పాలసీసా అది. రబ్బరు పీక ఇంకా దానికే ఉంది.

అందరూ దాన్ని చూశారు. తర్వాత వీరేష్‌ను చూశారు. కేసు అక్కడితో ముగిసింది.

గేటు దగ్గర ఎర్రిస్వామి చేతులు నలుపుకుంటూ ఎదురొచ్చాడు. "ఏమన్నా, మాట చెప్పేదేనా?"

"ఆ ఒకటి దొరికింది లేప్పా."

అతను తల దించుకున్నాడు. "అది... ఆ పొద్దే చెప్దామనుకున్నా. బస్సొచ్చె."

"మాకూ వచ్చింది" అని బస్సెక్కాను.

ప్రశాంతి కిటికీ పక్కన కూర్చుని, ఏరుకొచ్చిన కొబ్బరి ముక్కలు పైట చెంగుతో తుడిచి మాకిద్దరికీ ఇచ్చింది. హనుమంతప్ప వాచిన మణికట్టును ఒళ్ళో పెట్టుకుని రాజులాగా ఉన్నాడు.

"చూసినావా బావా? తాగుబోతన్నానా, సీసా దొరికిందా! రహస్యం సరిగ్గా టెంకాయ నిలబడిన చోటే ఉన్నింది."

అతని చొక్కా చేయి భుజం దాకా తడిసి ఉంది. పగిలిన టెంకాయ నీళ్ళన్నీ అతని మీదే పడ్డాయి.

ఒక్క సంగతి మాత్రం కాదనలేను. హనుమంతప్ప పాయింటు పెట్టిన చోట నీళ్ళు పడటం నా జన్మలో అదే చూశాను. వాళ్ళక్క బతికి ఉంటే, నేను చెప్పినా నమ్మేది కాదు.