ఒడ్వార్ అరగదీయని స్కీలు

ఒడ్వార్‌కి ఆ ఏడాది ఊళ్ళో పెద్ద గౌరవమే దక్కింది. స్కీలు తయారుచేసే ముసలి హాల్‌స్టైన్ తన కొత్త జతను అతని చేతిలో పెట్టి, "శీతకాలమంతా పార్కులో వాడు. ఎక్కడ అరిగాయో, ఎప్పుడు మెత్తబడ్డాయో ఈస్టర్‌కి చెప్పు. నీ మాట పనికొస్తే వచ్చే ఏటి జత కూడా నీకే" అన్నాడు.

పార్కంటే పూలమొక్కలూ బెంచీలూ ఉన్నది కాదు. కొండవాలు మీద ఇనుప కడ్డీలు పాతి, వాటి మీద స్కీలతో జారమనే చోటు. మొదటి శనివారం ఒడ్వార్ ఒక కడ్డీ ఎక్కాడు. మరుక్షణం కడ్డీ ఉంది గానీ, దాని మీద ఒడ్వార్ లేడు.

ఆ తరువాత స్కీలను కొండ కింద సామాన్ల గదిలో నిలబెట్టి, శనివారాలు తాను వాఫుల్ అట్లు అమ్మే గుడిసె దగ్గర కూర్చున్నాడు. మంచు గోడకి వీపు ఆనించి, వాఫుల్ మీద బ్రౌన్ చీజు పరుచుకుని ఎండ కాగేవాడు. స్కీ కళ్ళద్దాలు మాత్రం తీసేవాడు కాదు. సాయంత్రానికి ముఖమంతా కమిలి, కళ్ళ చుట్టూ తెల్లగా మిగిలేది. రోజంతా కొండ మీద కష్టపడినవాడి ముఖం అచ్చం అలాగే ఉంటుంది.

"ఇవాళెలా సాగింది?" అనేది భార్య సూల్రూన్.

"ఒళ్ళు హూనమైపోయిందనుకో."

"పాపం. గడ్డానికి చీజు తగిలినట్టుంది, తుడుచుకో."

ఈస్టర్ శనివారం పొద్దున్నే ఒడ్వార్ ఆకురాయి పట్టుకుని సామాన్ల గదికి వెళ్ళాడు. కొత్త స్కీలకు నాలుగు గీతలు పెడితే చాలు, పని చేసినట్టే. తీరా తిప్పి చూస్తే అడుగంతా పిల్లి రక్కినట్టుంది. ఉక్కు అంచు పగిలింది. పై పొర కొసల దగ్గర పెచ్చులూడింది.

ఒడ్వార్‌కి బుర్ర తిరిగిపోయింది. గోడకి నిలబెట్టినందుకే ఇంతగా అరుగుతాయా? హాల్‌స్టైన్ సరుకు ఇంత నాసిరకమా అని జాలి కూడా పడ్డాడు. తీరా ఎక్కబోతే, బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులో మడమ పట్టలేదు. రెండో కాలూ అంతే.

వెనకే వచ్చిన సూల్రూన్‌ని అడిగాడు. "నా పాదాలు పెరిగాయా?"

"కూర్చుని తింటే పొట్ట పెరగడం చూశాను. పాదాల సంగతి నాకు తెలీదు."

అంతలో హాల్‌స్టైన్ వచ్చాడు. "ఎలా ఉన్నాయి?"

"కొత్తవాటిలా ఉన్నాయి." పగులు కనిపించి ఒడ్వార్ సర్దుకున్నాడు. "అంటే, బాగా అరిగిన కొత్తవాటిలా."

"ఎప్పుడు మెత్తబడ్డాయి?"

"మెల్లమెల్లగా. ఉన్నట్టుండి."

"అంచు ఏ కడ్డీ మీద పగిలింది?"

"ఇనుప కడ్డీ మీద."

"అన్నీ ఇనుపవే కదయ్యా. ఏదీ, ఒకసారి జారి చూపించు."

సూల్రూన్ ముందుకొచ్చి, స్కీలను బయట మంచు మీద వేసి వాటి మీద అడుగుపెట్టింది. బిగింపులు టక్కున పట్టాయి. పైకెళ్ళి, కడ్డీ మీద అడ్డంగా జారి, గాల్లో ఒక చుట్టు తిరిగి వాళ్ళ ముందే ఆగింది.

"జనవరి దాకా కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి" అంది హాల్‌స్టైన్‌తో. "తరువాత నడుమ మెత్తబడి కడ్డీ మీద చక్కగా కూర్చున్నాయి. వంకర కడ్డీ మీద ఎడమదాని అంచు పగిలింది. కుడీ ఎడమా మార్చుకుంటూ వాడాను కాబట్టి ఇన్నాళ్ళు వచ్చాయి. ఇక రావు."

"నువ్వెప్పుడు వాడావు?" ఒడ్వార్‌కి ఇంకా అందడం లేదు.

"బుధవారం సాయంత్రాలు. బిగింపు నా బూటు కొలతకి జరిపాను. శనివారం వచ్చి నువ్వు మళ్ళీ వెనక్కి జరుపుతావేమోనని చాలా రోజులు చూశాను. ఎవరూ జరపలేదు."

హాల్‌స్టైన్ బండిలోంచి వచ్చే ఏటి జత తెచ్చాడు. అలవాటు కొద్దీ ఒడ్వార్ రెండు చేతులూ చాచాడు. ముసలాయన కొత్త జతను సూల్రూన్‌కిచ్చి, పాతవి ఆ చాచిన చేతుల్లో పెట్టాడు. "కంచెకి బాగుంటాయి బాబూ."

ఆ ఊళ్ళో పని అయిపోయిన స్కీలన్నీ కంచెలకే చేరతాయి. మంచు కరిగాక ఒడ్వార్ సుత్తి పట్టుకుని ఇంటి ముందు నిలబడ్డాడు. పార్కు స్కీలకు రెండు కొసలూ ఒకేలా పైకి వంగి ఉంటాయి. ఒకటి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, మళ్ళీ ఇటు తిప్పాడు.

"సూల్రూన్, వీటిలో ముందేది, వెనకేది?"

కిటికీలోంచి జవాబు వచ్చింది. "శీతకాలమంతా వాడినవాడివి, నన్నడుగుతావేం?"