ఖాళీ గడి ఉంచని మనిషి

ఆ శనివారం పొద్దున దయాసాగర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పక్క క్వార్టరులో ఉండే డానీ ఇంటి సోఫా తెచ్చి తన ముందుగదిలో వేయాలి. కాబోయే వియ్యంకులు దిగేసరికి దానిమీదే పుట్టి పెరిగినవాడిలా కూర్చోవాలి. కూతురు లిల్లీకి ఆ రోజు ప్రధానం. పిల్లవాడు ఆమెతో పాటే హైదరాబాదులో నర్సు, సొంతూరు ధన్‌బాద్ వైపు. అతని తండ్రి తిర్కీ కూడా బొగ్గుగని మనిషే. అయినా ఫోటోలో ఆయన కోటు చూసినప్పటి నుంచి దయాసాగర్‌కు దిగులు పట్టుకుంది. తన ఇల్లు చూసి కూతుర్ని చులకన చేస్తారేమోనన్నదే అతని భయమంతా.

లిల్లీ ఈ వేడుక కోసం వెబ్‌సైటు ఒకటి తయారుచేసింది. అందులో ఆహ్వానం ఇటువాళ్లకు తెలుగులోకి, అటువాళ్లకు హిందీలోకి దానంతటదే మారిపోతుంది. అడుగున మాత్రం "మావాళ్లకే" అని ఇంటికొక పెట్టె ఉంది. అందులోది ఎవరి భాషలో వాళ్లకే ఉండిపోవాలని, అనువాదం గడుల్లో టిక్కు పెట్టకుండా వదిలింది. అంతవరకూ తెలివిగానే చేసింది. తండ్రికి పాస్‌వర్డు ఇవ్వడమే పొరపాటు.

ముప్పయ్యేళ్లుగా బొగ్గుబాయి దిగేముందు పైకప్పు చూశావా, దీపం చూశావా అని వరసగా టిక్కులు కొట్టిన చేయి దయాసాగర్‌ది. ఖాళీ గడి కనబడితే ముద్ద దిగదు. రాత్రి తమ పెట్టెలో రాయాల్సింది రాసి, కనబడ్డ గడులన్నిటికీ టిక్కులు పెట్టి హాయిగా పడుకున్నాడు.

పొద్దున సోఫా లోపల వేసి నడుం వాల్చాడో లేదో, లిల్లీ ఫోను పట్టుకుని వచ్చింది.

"బాపూ, ఈ టిక్కులు ఎవలు పెట్టిండ్రు?"

"నేనే బిడ్డా. ఖాళీగ ఇడిసిపెడ్తే తనిఖీల పట్టుకుంటరు గద!"

"ఏం తనిఖీ బాపూ! నువ్వు రాసిందంత వాళ్లు రైల్ల కూసోని హిందీల సదివిండ్రట. ఇప్పుడే టేషన్ల దిగిండ్రు!"

దయాసాగర్ తను రాసింది గుర్తుచేసుకున్నాడు. సోఫా డానీదని ఎవరూ నోరుజారొద్దు. వాళ్లు తినేదాకా మనోళ్లు చికెన్ జోలికి పోవద్దు. బిక్షం మామను పాట పాడనియ్యొద్దు. అతని పైప్రాణాలు పైనే పోయాయి.

"డానీ, జల్ది పట్టు! సోఫ మీ ఇంటికి పోవాలె. అసలు సోఫనే లేకుంటే, నవ్వులాటకు రాసిన అంట."

"తెచ్చెటప్పుడే నడుం పట్టిందన్నా!" అని మూలుగుతూనే డానీ ఒక కొస ఎత్తాడు.

వీధి మధ్యకు చేరేసరికి బిక్షం మామ ఎదురొచ్చాడు. ఆయనా చదివాడు. పలకరింపు లేకుండా వచ్చి సోఫా మీద కూర్చున్నాడు.

"నా పాటకే అడ్డం పడుతవా? పాడెదాక ఈడికెల్లి లేవ."

"మామా, నీ కాళ్లు మొక్కుత, లే!"

అదిగో, అప్పుడే ఆటో వచ్చి ఆగింది. మండే ఎండలో కోటు తొడుక్కుని తిర్కీ దిగాడు. వీధిలో సోఫానూ, దానిమీది మనిషినీ, చెరో కొసనా వంగిన ఇద్దరినీ చూశాడు. డానీగారి సోఫా ఇదేనా, పాట పాడేది ఈయనేనా అని హిందీలో ఎంతో మర్యాదగా అడిగాడు. దయాసాగర్‌కు ఏడుపొక్కటే తక్కువ. గుమ్మంలోకి వచ్చిన లిల్లీ ముఖం వంక చూసే ధైర్యం కూడా లేకపోయింది.

ఇంతలో దయాసాగర్ భార్య సుసన్నా మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు అందిస్తూ, ఇక కోటు విప్పేయమని, తమ్ముడికి తిరిగివ్వాల్సిన బట్ట చెమటకు పాడవుతుందని తనకొచ్చిన హిందీలో తిర్కీకి చెప్పింది. నీళ్లు తాగబోయిన తిర్కీ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"నీకెట్ల తెలుసు?" దయాసాగర్ గొణిగాడు.

"వాళ్ల పెట్టెకు గూడ నువ్వే టిక్కు పెడితివి గద. పొద్దుగాల తెలుగుల సదివిన. కోటు తమ్మునిదని ఎవలు చెప్పద్దట. పిల్ల తండ్రి పెద్దమనిషి, మనల చులకన జేస్తడేమోనని రాసుకున్నడు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు సోఫ మోసుడుల ఉంటివి."

తిర్కీ ముందు తల దించుకున్నాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. కోటు విప్పి బిక్షం మామ ఒళ్లో పెట్టి, చొక్కా చేతులు మడిచి, డానీని పక్కకు తప్పించి ఆ కొస తాను పట్టాడు. ఏ ఇంటికి అని అడిగాడు. దయాసాగర్ తన ఇల్లు చూపించాడు. పొద్దుటి నుంచి గుండెల మీదున్న బరువు దిగిపోయి, చేతుల్లో ఉన్న బరువు తెలియనే లేదు. పైన కూర్చున్న బిక్షం మామ పాట ఎత్తుకుంటే ఎవరూ ఆపలేదు.

ఇకమీదట ఖాళీ గడి కనిపిస్తే ముందు సుసన్నాను అడగాలని దయాసాగర్ ఆ సాయంత్రం ఒక కాగితం మీద రాసుకుని, దాని పక్కన టిక్కు పెట్టాడు.