ఇరవై మూడు మెరుపులు

సోమవారం పొద్దున సూర్యప్రకాష్ వేసుకున్న లెక్కలో పొరపాటుకు చోటే లేదు. తొమ్మిదింటికి కంకిపాడులో కంటి శిబిరం. పదకొండింటికి బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్లు వదలడం. ఒంటిగంటకు బెజవాడ గవర్నర్‌పేటలోని పత్రికాఫీసులో ఫిల్ము అప్పగించేసి, ఇంటికొచ్చి వంకాయ పులుసుతో అన్నం తిని కాసేపు నడుం వాల్చడం. ఎనిమిదేళ్లుగా ఆ దినపత్రికకు అతను టెంపరరీ ఫొటోగ్రాఫరు. పర్మనెంటు చేస్తున్నట్టు ఆర్డరు టైపై ఎడిటరు గారి సొరుగులో పడి ఉంది. గురువారం మంచిరోజట, ఆ రోజు సంతకం పెడతానన్నారు.

"ఏవండీ, గురువారం దాకా ఎవరితోనూ మాట పడకండి," అంది భార్య నాగలక్ష్మి, లూనా మీద ఎక్కిన భర్తకు కెమెరా సంచి అందిస్తూ. "అయిపోయిందని మా అన్నయ్యకి చెప్పేశాను. శుక్రవారం హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చి ఆ కాగితం చూస్తాడంట."

"కాకముందే ఎందుకు చెప్పావే?"

"ఎనిమిదేళ్ల నుంచీ ఇదిగో అదిగో అని చెప్పీ చెప్పీ నాకే సిగ్గేస్తోంది."

అతను లూనా తొక్కాడు.

ఆ పత్రికకు ఎడిటరూ యజమానీ ఒక్కరే, వెంకటసుబ్బారావు గారు. చేతికి ఎముక లేదని ఆయన్ని ఎవరూ అనలేదు. ఫొటోగ్రాఫరుకు రోజుకు ఒక్క రీలు, ముప్పై ఆరు ఫొటోలు. ఏది ఎందుకు తీశావో సాయంత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. ఊళ్లో పెద్దమనుషుల సంగతి చూస్తే ఒక్కొక్కరికీ ముప్పై ఆరు చాలవు. దండ వేస్తూ ఒకటి, వేయించుకుంటూ ఒకటి, మైకు పట్టుకుని ఒకటి కావాలంటారు. తీయనంటే ఎడిటరుకు ఫోను చేస్తారు. తీస్తే ఎడిటరే ఊరుకోరు.

ఈ రెంటి మధ్యా నలిగిన పాతకాలపు ఫొటోగ్రాఫర్లు ఒక ఉపాయం కనిపెట్టి సూర్యప్రకాష్‌కు నేర్పిపోయారు. ఫ్లాష్ వెనక చిన్న మీట ఒకటి ఉంటుంది. కెమెరా కంటికి ఆనించుకుని, బొటనవేలితో ఆ మీట నొక్కితే చాలు, లైటు మాత్రం ధగ్గున వెలుగుతుంది. ఫిల్ము కదలదు. ఫొటో పడిందని ఎదుటివాడి కడుపు నిండుతుంది. మర్నాడు పేపర్లో రాకపోతే వాడు తిట్టుకునేది ఎడిటరునే. ఆ విద్యకు వాళ్లలో వాళ్లు పెట్టుకున్న పేరు ఉత్త మెరుపు.

కంకిపాడు శిబిరం పెట్టించినవాడు రైసుమిల్లు హనుమయ్య. మిల్లు ముందు షామియానా, అందులో వరసగా ఇరవై ముగ్గురు అవ్వలు, మధ్యలో గంజి పెట్టిన లాల్చీలో ఆయన. కళ్ల డాక్టరు రిబ్బను కత్తిరిస్తుంటే సూర్యప్రకాష్ ఒక ఫొటో తీశాడు, అది నిజమైనదే. తరువాత హనుమయ్య ఒక్కొక్క అవ్వకూ తన చేత్తో కళ్లజోడు పెట్టడం మొదలుపెట్టాడు.

"ఫొటోగ్రాఫరు గారూ, ఏ ఒక్క అవ్వనీ వదలొద్దండీ. పాపం, ముసలిప్రాణాలు ఆశపడతాయి."

"అట్టాగేనండీ," అని సూర్యప్రకాష్ బొటనవేలు మీట మీదికి చేర్చాడు. ఒక్కొక్క కళ్లజోడుకూ ఒక్కొక్క మెరుపు. హనుమయ్య పెదవులు కదుపుతుంటే దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకున్నాడు. ఆయన మెరుపులు లెక్కపెడుతున్నాడని అతనికి తెలియదు.

ఒంటిగంటకు ఆఫీసులో అడుగుపెట్టేసరికి వెంకటసుబ్బారావు గారు కుర్చీలోంచి లేచి ఎదురొచ్చారు. ఎనిమిదేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు. అదే మొదటి దెబ్బ.

"రావయ్యా ప్రకాష్. మా వియ్యంకుడు ఇప్పుడే ఫోన్ చేశాడు. నిన్ను తెగ మెచ్చుకుంటున్నాడు."

"ఏ వియ్యంకుడండీ?"

"కంకిపాడు హనుమయ్య గారు. వాళ్లమ్మాయిని మావాడికి చేసుకుంటున్నాం. గురువారమే తాంబూలాలు. ఇరవై మూడు ఫొటోలు తీశావంట గదా. అన్నీ పెద్ద సైజులో వేయించి ఆల్బమ్ కట్టించు. తాంబూలాలనాడు బంధువులందరికీ చూపిద్దాం. ఖర్చు సంగతి చూసుకోకు."

ఖర్చు సంగతి చూసుకోకు అనే మాట ఆ నోటి వెంట రావడం విన్నవాళ్లు అంతకు ముందు లేరు. అయినా సూర్యప్రకాష్‌కు ఆశ్చర్యపడే తీరిక దొరకలేదు. ఆ ఇరవై మూడు ఫొటోలు ఈ భూప్రపంచంలో ఎక్కడా లేవు.

డార్క్‌రూములో అబ్రహాము ఫిల్ము కడుగుతున్నాడు. ముప్పై ఏళ్లు చీకట్లో పనిచేసిన మనిషి, దేనికీ తొణకడు. జరిగిందంతా చల్లగా విన్నాడు.

"ఫిల్ము పాడైందని చెప్పు సూర్యం."

"ఎట్టా పాడైందని అడిగితే?"

"నా పేరు మాత్రం చెప్పకు. ఇంకేదన్నా చెప్పుకో."

అరగంట తల పట్టుకుని కూర్చుని, చివరికి కంకిపాడుకు ఫోను చేశాడు సూర్యప్రకాష్.

"హనుమయ్య గారూ, ఫొటోలు బాగానే వచ్చాయండి. కాకపోతే షామియానా నీడ మీ ముఖం మీద పడింది. ఆ కళ రాలేదు."

"కళ రాలేదా?"

"అవ్వలు బాగా పడ్డారండి. మీరే కాస్త నల్లగా."

"అయితే రేపు మళ్లీ తీద్దాం," అన్నాడు హనుమయ్య, ఆలోచించకుండానే. "అవ్వల్ని పోగుచేసే పూచీ నాది. షామియానా తీయించేస్తా. మా వియ్యంకుడికి మాత్రం చెప్పకండి."

గండం గడిచిందని సూర్యప్రకాష్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ రాత్రి వంకాయ పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు కూడా.

మంగళవారం పొద్దున కంకిపాడు ఇంకా కిలోమీటరు ఉందనగా లూనా ఆగిపోయింది. పెట్రోలు అయిపోలేదు, ముందుకు దారి లేదు. బందరు రోడ్డు నిండా ఆటోలు, ట్రాక్టర్లు, రిక్షాలు, వాటి నిండా ముసలివాళ్లు. జరిగిందేమిటంటే, అవ్వల్ని పిలవడానికి మిల్లు గుమాస్తా సోమవారం సాయంత్రం రిక్షాకు మైకు కట్టించి ఊరంతా తిప్పాడు. పొద్దున కళ్లజోళ్లు పెట్టుకున్న అవ్వలందరూ రేపు మళ్లీ రావాలన్నాడు. ఒకసారి ఇచ్చినవాళ్లకే మళ్లీ ఇస్తున్నారంటే, అసలు ఇవ్వనివాళ్లకు ఇవ్వకుండా ఎందుకుంటారని జనం అనుకున్నారు. మాట గొడవర్రు దాటి ఉప్పలూరు, ఈడుపుగల్లు కూడా చేరింది. చేరేకొద్దీ పెరిగింది. మోకాళ్ల నొప్పులవాళ్లు వచ్చారు. పన్ను పీకించుకోవాలని ఒకాయన దవడకు తువ్వాలు కట్టుకుని వచ్చాడు.

సూర్యప్రకాష్ లూనాను ఒక కిళ్లీకొట్టు దగ్గర పడేసి, జనంలోంచి తోసుకుంటూ మిల్లు చేరాడు. హనుమయ్య ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏంటండీ ఈ జనం?" అన్నాడాయన, నవ్వు చెదరకుండా పళ్ల మధ్యనుంచి. "ఫొటోలు తొందరగా తీసేయండి. గేటు మూయించాలి."

ఇరవై ముగ్గురు అవ్వల్నీ ఎండలో నిలబెట్టారు. ఈసారి సూర్యప్రకాష్ బొటనవేలిని నమ్మలేదు. దాన్ని మడిచి అరచేతిలో దాచుకుని, చూపుడువేలితో నికరంగా బొత్తాం నొక్కాడు. ఒక ఫొటో తీయడం, ఫిల్ము జరగడం చెవి పెట్టి వినడం, మళ్లీ ఇంకొకటి తీయడం. అవ్వ తరువాత అవ్వ వస్తోంది. ఫొటో పడగానే గుమాస్తా కళ్లజోడు తీసేసుకుంటూ, పవరు సరిచూసి ఇంటికే పంపిస్తామని ముందుకు తోసేస్తున్నాడు.

"నిన్న గూడా ఇట్టాగే తీసేసుకున్నాడు నాయనా," అంది రావమ్మ అనే అవ్వ, కెమెరా వైపు తిరిగి. "ఇయ్యాలన్నా ఉంచమని చెప్పు. బియ్యంలో రాళ్లు కనబడక నోరంతా పగిలిపోతోంది."

"కదలకు పెద్దమ్మా, కళ్లు మూసుకోకు," అన్నాడు సూర్యప్రకాష్. పన్నెండో ఫొటో పడిందా లేదా అన్న దిగులులో ఆమె మాట చెవిని తాకిందే గాని లోపలికి పోలేదు.

ఇరవై మూడూ పూర్తయ్యేసరికి పోలీసులు వచ్చారు, వాళ్ల వెనకే మిగతా పత్రికల ఫొటోగ్రాఫర్లూ వచ్చారు. రోడ్డు మీద మైళ్ల కొద్దీ జనం కనబడితే ఎవరు ఊరుకుంటారు? బుధవారం పొద్దున బెజవాడలో ఏ పేపరు తీసినా హనుమయ్యే. పేదల కళ్లలో వెలుగని ఒకరు రాస్తే, దాతకు జననీరాజనమని మరొకరు రాశారు. అసలు సంగతి తెలిసిన సూర్యప్రకాష్‌కు అవి చదువుతుంటే చెమటలు పట్టాయి. వెంకటసుబ్బారావు గారు పొంగిపోయి, ఇరవై మందితో అనుకున్న తాంబూలాలను రెండు వందల మందికి పెంచారు. ఆల్బమ్‌కు పట్టు అట్ట వేయించమన్నారు.

అబ్రహాము ఆ రోజే ఫొటోలన్నీ అచ్చువేశాడు. అతనికి ఫొటోలో మనుషులు కనబడరు, నలుపూ తెలుపూ మాత్రమే కనబడతాయి.

"నలుపు బాగా కుదిరింది," అని మాత్రం అన్నాడు.

సూర్యప్రకాష్ ఇరవై మూడు ఉన్నాయో లేదో మూడుసార్లు లెక్కపెట్టుకుని, కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. వాటిలో ఏముందో మాత్రం చూడలేదు.

గురువారం సూర్యారావుపేటలో ఎడిటరు గారి ఇల్లు బంధువులతో నిండిపోయింది. తాంబూలాలు మార్చుకునే ముందు ఆల్బమ్ చేతులు మారుతోంది. చూసినవాళ్లందరూ హనుమయ్యను మెచ్చుకుని పక్కవాళ్లకు ఇస్తున్నారు. చివరికి అది ఎడిటరు గారి భార్య వెంకటరత్నమ్మ గారి చేతికొచ్చింది. ఆవిడ మొదటి పేజీ చూసింది, రెండోది చూసింది, మళ్లీ మొదటిది చూసింది. తరువాత చివరి దాకా తిప్పి, లేచి, భర్త చెవిలో ఏదో చెప్పింది. ఆయన ఆల్బమ్ తీసుకుని కిటికీ వెలుగులో పట్టుకున్నారు. ముఖం పాలిపోయింది.

మూలన నిలబడ్డ సూర్యప్రకాష్ కంటి దగ్గరి కెమెరా దించేశాడు. సోమవారం షామియానా ఉంది, ఫొటోల్లో లేదు. దొరికిపోయాను, అనుకున్నాడు. ఇంతలో వెంకటసుబ్బారావు గారు హనుమయ్యను పక్కకు పిలిచి రెండు మాటలన్నారు. హనుమయ్య ఆల్బమ్ వైపు ఒకసారి చూసి, కండువా సర్దుకుని, తనవాళ్లను వెంటబెట్టుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. తాంబూలాల పళ్లెం పెట్టింది పెట్టినచోటే ఉండిపోయింది. రెండు వందల మంది నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"ప్రకాష్, లోపలికి రా," అన్నారు ఎడిటరు గారు.

లోపలి గదిలో వెంకటరత్నమ్మ గారు నిలబడి ఉంది. ఎడిటరు గారు బల్ల దగ్గర కూర్చుని, టైపు చేసిన కాగితమొకటి ముందు పెట్టుకుని, మాట్లాడకుండా పెన్ను తెరిచారు. అది తనను పీకేసే కాగితమేనని సూర్యప్రకాష్ ఖాయం చేసుకున్నాడు. పెన్ను కాగితాన్ని తాకింది. అంతే, అతని ధైర్యం జారిపోయింది.

"అయ్యా, తప్పయిపోయిందండి. సోమవారం నేను ఫొటోలు తీయలేదండి. ఉత్త మెరుపు కొట్టానండి. ఫిల్ము కదల్లేదు, లైటు మాత్రమే వెలిగింది. ఆల్బమ్‌లో ఉన్నవన్నీ మంగళవారం తీసినవండి."

గుమ్మడికాయ దొంగ ఎవరని ఎవరూ అడగలేదు. అతనే భుజాలు తడుముకున్నాడు.

పెన్ను ఆగింది.

"నిన్ను పిలిచింది అందుక్కాదయ్యా," అంది వెంకటరత్నమ్మ గారు, నివ్వెరపోయి చూస్తూ. "ఆల్బమ్ నువ్వసలు చూశావా? కళ్లజోడు ఎడమ కాడకు తెల్లదారం కట్టి ఉంది. మొదటి అవ్వ కళ్లజోడుకీ అదే దారం, ఇరవై మూడో అవ్వ కళ్లజోడుకీ అదే దారం. అందరికీ కలిపి ఒక్కటే కళ్లజోడు. ఫొటో దిగడం, లాగేసుకోవడం. అటువంటివాళ్ల పిల్లను తెచ్చుకోబోయాం."

రావమ్మ అన్న మాట సూర్యప్రకాష్ చెవి దాటి అప్పుడు లోపలికి పోయింది.

"నువ్వు అన్నీ వదలకుండా తీశావు కాబట్టి తెలిసింది," అందావిడ. "ఇంత నికార్సుగా పని చేసేవాణ్ణి ఎనిమిదేళ్లు టెంపరరీగా ఉంచడం పాపమని, నేనే దగ్గరుండి సంతకం పెట్టిస్తున్నా. ఇంతలో నువ్వు..."

సూర్యప్రకాష్ తలకిందులుగా ఉన్న ఆ కాగితం వైపు చూశాడు. అది తన ఆర్డరే. వెంకటసుబ్బారావు గారు మాత్రం అతని వైపే చూస్తున్నారు, చాలా నెమ్మదిగా ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"ప్రకాష్, పోయిన మాఘంలో నా షష్టిపూర్తికి పొద్దుటినుంచి సాయంత్రం దాకా మెరిపించావు. ఆల్బమ్ ఏదంటే హైదరాబాదు ల్యాబులో ఉందన్నావు. ఎప్పుడొస్తుంది?"

"రోజుకు ఒక్క రీలు దాటకూడదని మీరే అన్నారు కదండీ," అన్నాడు సూర్యప్రకాష్.

కంకిపాడు అవ్వలకు తరువాతి నెలలో వెంకటరత్నమ్మ గారే డాక్టరును పంపి, ఎవరి పవరు వారికి చూపించి, ఇరవై మూడు కళ్లజోళ్లు చేయించింది. ఆ కార్యక్రమానికి ఫొటోగ్రాఫరును పిలవలేదు. ఆర్డరు కాగితం మీద సంతకం మాత్రం ఆ గురువారం పెన్ను ఆగినచోటే ఆగింది. ఆ లెక్కన సూర్యప్రకాష్ నేటికీ ‘వెంకట’ వరకే పర్మనెంటు.