దయచేసి తప్పులు దిద్దకండి

ఆ పొద్దున కంప్యూటర్ మాస్టారు మొహం కూడా కడుక్కోకుండా లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. కంప్యూటర్ పాఠాలు చెప్పే టీచర్లంతా తమ పాఠాలు పంచుకోవాలని, ఒకరి పాఠాన్ని ఒకరు సవరించుకోవాలని, బడి తరఫున ఆయన ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు పెట్టారు. చేరినవాళ్ళు బోలెడుమంది, నోరు విప్పినవాళ్ళు లేరు. "రేపు మీ క్లాసుకొచ్చి చూస్తాను. గ్రూపు ఇలాగే నిద్రపోతుంటే మూసేద్దాం" అని హెడ్‌మిస్ట్రెస్ ముందురోజే తేల్చేశారు.

అందుకని తన పాఠాల్లోకెల్లా మంచిది గ్రూపులో పెట్టారు. అదొక చిన్న ప్రోగ్రాం. అందులో కావాలనే తప్పులు దాచారు. వాటిని పట్టుకోవడమే పిల్లల పని. పైన పెద్ద అక్షరాలతో "దయచేసి తప్పులు దిద్దకండి" అని కూడా రాశారు.

కాఫీ తాగి వచ్చేసరికి ఎవరో పుణ్యాత్ముడు తప్పులన్నీ దిద్దేశాడు. మాస్టారు మళ్ళీ పెట్టారు. ఇంకొకాయన దిద్దారు. మళ్ళీ పెట్టారు. ఇన్నాళ్ళూ ఉలుకూ పలుకూ లేని జనం ఒక్కసారిగా లేచి కూర్చున్నారు. "చక్కటి పాఠాన్ని చెడగొడుతున్న ఈ ప్రబుద్ధుడెవరు?" అని ఒకావిడ నిలదీసింది.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి!

"ప్రశ్న సరిగ్గా చదవలేదని పిల్లల మార్కులు కోసేది వీళ్ళే కదే! పైనున్న ఒక్క ముక్క చదవడానికి వీళ్ళకేం రోగం?"

"వాళ్ళు చదివించేవాళ్ళండీ, చదివేవాళ్ళు కారు" అంది భార్య, టిఫిన్ డబ్బా చేతిలో పెడుతూ.

క్లాసులో హెడ్‌మిస్ట్రెస్ వెనక బెంచీలో కూర్చున్నారు. మాస్టారు గ్రూపులోని పాఠాన్ని తెర మీద చూపించారు. పిల్లలు కళ్ళల్లో వత్తులు వేసుకుని వెతికారు.

"తప్పులేం లేవు సార్" అంది ముందు బెంచీ పిల్ల.

"ఉన్నాయి! నా చేత్తో పెట్టాను, నాకు తెలీదా?"

ఆ పిల్ల ప్రోగ్రాం నడిపి చూపించింది. నిక్షేపంలా నడిచింది. మాస్టారు అక్కడికక్కడే తప్పులు తిరిగి పెట్టబోయారు. "మీ మీద ఫిర్యాదులు వచ్చాయి. మిమ్మల్ని గ్రూపు నుంచి తొలగించాం" అని తెర మీద, క్లాసంతా చూస్తుండగా, ప్రత్యక్షమైంది. ఎక్కువమంది ఫిర్యాదు చేస్తే ఎవరినైనా తీసేయాలన్న నియమం రాసింది ఆయనే.

"నేను పెట్టిన గ్రూపులోంచి నన్నే గెంటేస్తారా!" అని మాస్టారు గొంతు చించుకున్నారు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

హెడ్‌మిస్ట్రెస్ మాత్రం తన ఫోన్‌లో గ్రూపు చూస్తూ మురిసిపోతున్నారు. తప్పుల్లేని పాఠమంటే ఎలా ఉంటుందో చూడమని దెప్పుతూ, టీచర్లంతా అక్కడ తలా ఒక పాఠం పెట్టేశారు మరి.

"ఎంత సందడండీ మాస్టారూ! ఇక మూసే మాటే లేదు."

ఆ సాయంత్రం మాస్టారు పళ్ళు నూరుకుంటూనే, తన గ్రూపులో చేరడానికి తానే అర్జీ పెట్టుకున్నారు.

పైన రాసిన సూచన చదవకుండా నింపారని అది తిరిగొచ్చింది.