మట్టగిడస కుడిరెక్క కేసు

పదకొండు నెలల క్రితం తాను స్వయంగా కనిపెట్టిన చేపల కుటుంబంలో ఇప్పుడు ఒక్క చేప కూడా మిగల్లేదని డాక్టర్ ఫణీంద్ర మంగళవారం ఉదయం ఎనిమిదింబావుకు కనిపెట్టాడు.

అప్పుడతను ముంచింగిపుట్టు మండలం దుమ్మిడిపుట్టులో గెడ్డ అనే కొండవాగు మడుగులో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. వలలో తొమ్మిది మట్టగిడసలు పడ్డాయి. తొమ్మిదింటికీ కుడిరెక్కా ఎడమరెక్కా నిండుగా, అందంగా, సిగ్గు లేకుండా ఉన్నాయి. మళ్ళీ వల విసిరాడు. ఈసారి పద్నాలుగు. అన్నిటికీ రెండేసి రెక్కలు. ఏ సంతలోనైనా బుట్టలో పోసి అమ్మే మామూలు మట్టగిడసలకీ వీటికీ తేడా లేదు. ఫణీంద్ర ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసి మళ్ళీ లెక్కపెట్టాడు.

గురువారం నాడు ముగ్గురు నిపుణులు పెద్ద ఊరినుంచి వస్తున్నారు. ప్రాణంతో ఉన్న చేపని కళ్ళారా చూసి సంతకం పెడితే ఫణీంద్ర ప్రొఫెసరవుతాడు. పెట్టకపోతే ఇరవయ్యో ఏడు కూడా అసిస్టెంట్ ప్రొఫెసరుగానే మొదలవుతుంది. అతని వెనకాల చేరినవాళ్ళలో ఒకడు నత్త మీదా, ఒకడు దోమ మీదా, మూడోవాడు శాఖాధిపతి కృష్ణమూర్తిగారి జీవిత విశేషాల మీదా పరిశోధన చేసి ఎప్పుడో ప్రొఫెసర్లైపోయారు. ఫణీంద్రకి ఉన్నది ఈ చేపొక్కటే.

ఆ చేప దొరికిన తీరు కూడా శాస్త్రీయంగానే జరిగింది. కిందటేడు భార్య సుమతో అరకు వచ్చి, అక్కడ గదులు దొరక్క, జీపువాడు ఎక్కడికో తీసుకుపోతుంటే దారి తప్పి, ఆకలేసి, భీముడనే రైతు ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. భీముడి భార్య సోములమ్మ పులుసు కోసం చేపలు తోముతోంది. ఆ చేపలకి కుడిరెక్క సగమే ఉంది. కత్తిరించినట్టు తిన్నగా, చక్కగా సగమే ఉంది. అన్నం ముందునుంచి లేచిపోయి భీముడి మడుగులో చూశాడు ఫణీంద్ర. అక్కడా అంతే. దిగువన, భీముడి బావ సోమన్న మడుగులో చూశాడు. అక్కడ ఎడమరెక్క సగం. తిరిగొచ్చి చూస్తే భీముడి మడుగులోనే ఓ పన్నెండింటికి రెండు రెక్కలూ సగం సగమే.

శాస్త్రవేత్త అన్నవాడు ఊరివాళ్ళని అడిగి తెలుసుకోవాలి. ఫణీంద్ర అడిగాడు. ఈ చేపలు ఎప్పటినుంచి ఇలా ఉన్నాయని అడిగితే, మా తాతల కాలంనుంచీ ఇంతే బాబూ అన్నాడు భీముడు. తాతల కాలం అంటే ముప్పై లక్షల సంవత్సరాలని ఫణీంద్ర నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఇంకో ప్రశ్న అడిగే అవసరం అతనికి కనిపించలేదు. పులుసు చల్లారిపోతోందని సోములమ్మ రెండుసార్లు కేకేసింది. అతను భూతద్దం పట్టుకుని రాతిమీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"ఏటి బాబూ, సేపని అద్దంలో సూస్తే కడుపు నిండిపోద్దేటి?" అంది సోములమ్మ.

నిండింది. ఆ ఒక్క చూపుతో పదకొండు నెలలు నిండుగా గడిచింది.

ముందు వర్గీకరణ జరిగింది. ఇది కొత్త జాతి అంటే చిన్నతనంగా ఉంటుందని కృష్ణమూర్తిగారు అభిప్రాయపడటంతో ఏకంగా కొత్త కుటుంబాన్నే ప్రకటించారు. పేరు ఫణీంద్రిడే. ఎవరికి వాళ్ళు తమ పేరు పెట్టుకోవడం మర్యాద కాదు కనక, ఆ పేరు సుమగారు సూచించారనీ, ఫణీంద్ర గట్టిగా వ్యతిరేకించి ఓడిపోయాడనీ వ్యాసం అడుగున చిన్న అక్షరాల్లో వేశారు. కుటుంబంలో మూడు శాఖలు: కుడిరెక్క సగం ఉన్నది కుడిఖండి, ఎడమది ఎడమఖండి, రెండూ సగమే ఉన్నది ద్విఖండి.

తరవాత విస్తృతి. ప్రపంచపటంలో ఫణీంద్రిడే నివాసాన్ని ఎర్రచుక్కతో చూపించారు. ఆ చుక్క కింద మూడు మండలాలూ కొంత ఒడిశా కూడా నలిగిపోయాయి. నిజానికి కుటుంబం మొత్తం ఉన్నది రెండు మడుగుల్లో. ఆ రెంటికీ మధ్య దూరం నలభై అడుగులు. కుడిఖండీ ఎడమఖండీ కలవకుండా అడ్డుపడిన మహాపర్వత శ్రేణి గురించి వ్యాసంలో నాలుగు పేజీలున్నాయి. ఆ పర్వత శ్రేణి మీద సోములమ్మ చోడిగింజలు ఎండబోసుకుంటుంది.

పరిణామం మీద మాత్రం పండితులు రెండుగా చీలిపోయారు. గెడ్డ కుడివైపు తిరుగుతుంది కాబట్టి రాళ్ళకి తగిలి తగిలి కుడిరెక్క అరిగిపోయిందని ఒక వర్గం. వాడకపోవడం వల్ల రాలిపోయిందని రెండో వర్గం. రెండు వర్గాలకీ అరకులో విడివిడిగా సదస్సులు పెట్టి బొంగు చికెన్ వడ్డించారు. ద్విఖండి అందరికన్నా పురాతనమని ఒకరు, అందరికన్నా ఆధునికమని ఇంకొకరు వాదించి, చివరికి రెండూ నిజమేనని తీర్మానించి రైలెక్కారు.

ఫణీంద్ర పరిశీలన ఇక్కడితో ఆగలేదు. భీముడి మేకలన్నిటికీ కుడిచెవి కొస లేదు. కోళ్ళకి కుడికాలి చిటికెన గోరు లేదు. సోమన్న మేకలకి ఎడమచెవి. ఇంకొకడైతే ఆ ఇంటాయన్ని పిలిచి సంగతేమిటని అడిగి తన పరువు తీసుకునేవాడు. ఫణీంద్ర ఆ సాయంత్రమే ఇంకో వ్యాసం మొదలుపెట్టాడు. ఆ నీళ్ళు తాగిన ప్రతి ప్రాణీ కాలక్రమంలో ఒక పక్క అవయవాన్ని వదులుకుంటుందని దాని సారాంశం. ఆ ఊళ్ళో కాఫీ తాగడం కూడా మానేశాడు. అద్దంలో తన కుడిచెవి రోజూ కొలుచుకునేవాడు.

ప్రభుత్వం కూడా ఊరికే కూర్చోలేదు. అరకు రోడ్డు మలుపులో పన్నెండడుగుల సిమెంటు మట్టగిడస వెలిసింది. శిల్పి ఫోటో చూసి, ఎవరో పొరపాటున రెక్క సగమే తీశారనుకుని, మంచి మనసుతో రెండో సగం కూడా కట్టేశాడు. ఆవిష్కరణకి వచ్చిన పెద్దల సమక్షంలో సమ్మెటతో కొట్టి ఆ సగం తీసేయాల్సి వచ్చింది. ఆ కార్యక్రమానికే చప్పట్లు ఎక్కువ పడ్డాయి. చుట్టూ సెల్ఫీ పాయింటు, కుడిరెక్క కాఫీ, ఎడమరెక్క ఐస్‌క్రీం వచ్చాయి.

అందరికన్నా ముఖ్యమైనది సంరక్షణ. ఫణీంద్రిడే అతి సున్నితమైనది కాబట్టి రెండు మడుగుల్లోకీ మనుషులు దిగడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. భీముడూ సోమన్నా తమ మడుగుల్లో తాము చేపలు పట్టుకోవడం మానేశారు. చేపలు బాగుండాలంటే మడుగు పెంచి పోషించిన వాళ్ళని దూరంగా ఉంచాలని నిపుణులు చెప్పారు. పదినెలలపాటు ఆ నీళ్ళ జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఫణీంద్ర కూడా వెళ్ళలేదు. ఆ చేపల గురించి ఊరూరా మాట్లాడటంతో అతనికి చేపల దగ్గరికి వెళ్ళే తీరిక దొరకలేదు.

ఆ తరవాత వచ్చింది ఈ మంగళవారం.

ఫోనులో వార్త విని కృష్ణమూర్తిగారు తన గది తలుపు వేసి వచ్చారు. తరవాత, కుటుంబం పోతే పోయింది గానీ ఆ సంగతి గురువారం తరవాత పోయినట్టు చేయగలవా అని నెమ్మదిగా అడిగారు. ఫణీంద్ర చేయలేనన్నాడు. దాంతో బుధవారం పొద్దున్నకి విచారణ సంఘం దుమ్మిడిపుట్టు చేరింది. మామూలుగా ఇలాంటి సంఘం వేయడానికి మూడేళ్ళు పడుతుంది. మంచు కురిసే రోజులు కావడంతో సభ్యులంతా అప్పటికే కుటుంబాలతో అరకులో దిగి ఉన్నారు.

అధ్యక్షుడు వరహాలరావుగారు విశ్రాంత అధికారి. ఎన్నో విచారణలు జరిపి ఒక్క నేరస్తుణ్ణి కూడా నొప్పించని మనిషి. షామియానా కింద లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా, జాతులు అంతరించడం మనకు కొత్త కాదు. కానీ పుట్టిన పదకొండు నెలలకే అంతరించిన కుటుంబం ప్రపంచంలో మరొకటి లేదు. ఇంత వేగం మన రాష్ట్రానికే దక్కింది. ముందుగా అందరికీ అభినందనలు. ఇక బాధపడదాం."

అందరూ ఒక నిమిషం బాధపడ్డారు. ఆ తరవాత అనుమానితుల జాబితా తీశారు. మొదటి ముద్దాయి కాఫీ పళ్ళు కడిగిన నీళ్ళు. రెండో ముద్దాయి పర్యాటకుల షాంపూ పొట్లాలు. మూడోది మడుగు ఒడ్డున కొమ్మమీద రోజూ కూర్చునే లకుముకి పిట్ట. దాని ప్రవర్తన అనుమానాస్పదంగా ఉండటంతో సంజాయిషీ నోటీసు చదివి వినిపించారు. పిట్ట సమాధానం ఇవ్వకుండా ఎగిరిపోయింది. పరారీలో ఉన్నట్టు నమోదు చేశారు.

మధ్యాహ్నానికి కూడా నేరస్తుడు తేలలేదు. ఫణీంద్ర కుర్చీలో కూర్చోలేక మడుగు ఒడ్డుకీ షామియానాకీ మధ్య తిరుగుతున్నాడు. రేపు ఈపాటికి నిపుణులు జీపు దిగుతారు. రేపటి తరవాత క్యాంటీన్‌లో దోమ ప్రొఫెసరు ఎదురుపడితే ఏ ముఖంతో టీ తాగాలన్నది అతని బాధ.

అప్పుడు వరహాలరావుగారు మధ్యంతర సిఫార్సు చదివారు. ఎవరు చేశారో తెలియదు కనక, ముందు జాగ్రత్తగా ఊరిని గెడ్డనుంచి రెండు కిలోమీటర్లు వెనక్కి జరపాలి. వెనక ఉన్నది కొండ. ఊరివాళ్ళలో గుసగుస బయల్దేరింది. సోములమ్మ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

"సెప్పీవయ్యా బేగి. కొండెక్కి కాపరం సేత్తావేటి?"

భీముడు లేచి షామియానాలోకి వచ్చాడు. నేరస్తుణ్ణి నానే బాబూ అని చెప్పి నేలమీద కూర్చున్నాడు. అడక్కుండానే పది నిమిషాలు మాట్లాడాడు. గుమస్తా అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు.

అతను ముగించాక సభ్యులంతా తమ ముందున్న కాగితాలు సర్దుకున్నారు. ఫణీంద్ర మాత్రం ఒడ్డుమీద మేస్తున్న మేకవైపు చూశాడు. మేక కుడిచెవి వైపు చూశాడు. చెయ్యి దానంతటదే లేచి తన చెవిని తడుముకుంది. ముప్పై లక్షల సంవత్సరాలు అతని కళ్ళముందే జారి గెడ్డలో పడిపోయాయి. పోనీ నిజం చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ సదస్సులు అయిపోయాయి, విగ్రహం నిలబడింది, ఐస్‌క్రీం అమ్ముడైపోతోంది. ఇన్ని నిజాలముందు ఒక్క నిజం ఏం నిలబడుతుంది?

వరహాలరావుగారు మొదట తేరుకున్నారు. భీముడికీ సోమన్నకీ మడుగులో దిగి చేపని ముట్టుకోవడానికి ఒక్కరోజు ప్రత్యేక అనుమతి మూడు ప్రతుల్లో మంజూరు చేశారు. ఎందుకో అందులో రాయలేదు. గురువారం మధ్యాహ్నానికల్లా ఫణీంద్రిడే కుటుంబం మూడు శాఖలతో సహా మడుగుల్లో చక్కగా ఈదుతోంది. నిపుణులు చూశారు, కొలిచారు, రెక్క అంచు ఇంత తిన్నగా ఉండటం ప్రకృతికి మాత్రమే సాధ్యమని మెచ్చుకుని సంతకాలు పెట్టారు. ఫణీంద్రగారు ఇప్పుడు ప్రొఫెసరు. దోమ ప్రొఫెసరే ముందు నమస్కారం పెడుతున్నాడు. రెణ్ణెల్లకోసారి కొత్త ప్రత్యేక అనుమతి వస్తోంది.

విచారణ నివేదిక రెండువందల నలభై పేజీలు. నేరం లకుముకి పిట్టదేనని తేలింది. ముద్రణకి వెళ్ళేముందు అందులోంచి ఒక్క పేజీ మాత్రం తీసేశారు. నేరస్తుడు తన నోటితో చెప్పిన మాటలున్న పేజీ అది. ఇదీ ఆ పేజీ:

"రాసుకోండి బాబూ. ఆ రెక్కలు కోసింది నానే. కుడివి నాను కోసినాను, ఎడంవి మా బావ సోమన్న కోసినాడు. మేకకి సెవి కోత్తాం, కోడికి గోరు కోత్తాం, సేపకి రెక్క కోత్తాం. వాన పడితే మట్టగిడస ఊరుకోదు, గట్టెక్కి పాక్కుంటా ఈ మడుగులోంచి ఆ మడుగులోకి పోద్ది. గురుతు లేకపోతే మా బావకీ నాకూ రోజూ తగువే. రెండు పక్కలా కోసినవి పన్నెండున్నాయి. అవి మా కూతురు బేబిని ఆడింటికి కోడలుగా ఇచ్చినందుకు సోమన్న నాకు ఓలి కింద ఇచ్చిన సేపలు. ఎడం కోత ఆడిది, నాకిచ్చినాక కుడి కోత నాది. కోసిన రెక్క రెణ్ణెల్లకి మళ్ళా మొలిసిపోద్ది, మళ్ళా కోయాల. మా తాత కోసినాడు, మా అయ్య కోసినాడు. దాపరికమేటీ లేదు. ఎవులూ అడగలేదు, నాను సెప్పలేదు. ఇంతలో మీరొచ్చి బోర్డు పాతినారు. సేపని ముట్టుకుంటే జైలని ఉందని బడికెల్లే మా గుంట సదివి సెప్పింది. అందుకని మానేసినాను. అదే నా తప్పు బాబూ. బోర్డు మీద రాస్తే నిజంగా మానెయ్యాలేమో అనుకున్నాను. మీ కిందూళ్ళల్లో ఎవులూ మానరని నాకు తెలీదు."