దుమ్ము లేని ఊరికి రాయమల్లు కన్నే సాక్షి

మా ఊళ్లో దుమ్ము లేదని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. కరీంనగర్ జిల్లాలో గ్రానైటు క్వారీకి ఆనుకుని ఉన్నాం. రాళ్ల లారీలు పగలంతా మా బజారు మీదుగానే పోతాయి. చింతాకు తెల్లగా, బర్రెలు తెల్లగా, మేమూ కాస్త తెల్లగా కనిపిస్తే అది ఊరి అందం, అంతే.

రుజువు కావాలంటే రాయమల్లు ఎడమ కన్ను చూడండి. ఆ మధ్య మొహానికి సర్పి పొక్కులు లేచి తగ్గాయి గాని, ఆ కంటికి స్పర్శ పోయింది. ఏది పడ్డా రెప్ప కొట్టదు, నీరు కారదు. ఎవరో గిట్టనివాళ్లు దుమ్ము మీద అర్జీ పెట్టి తనిఖీ సారును రప్పిస్తే, మా సర్పంచ్ పరశురాములు రాయమల్లును రోడ్డు పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. కుడి కంటి మీదికి రుమాలు చుట్టించాడు. లారీ పోయింది. కాసేపు ఒకరికొకరం కనబడలేదు. కనబడేసరికి ఆ కన్ను తెరిచింది తెరిచినట్టే ఉంది. సారు మెచ్చుకుని రాసుకుపోయాడు. ఊరికి షీల్డు, రాయమల్లుకు శాలువా వచ్చాయి.

"కన్నంటే గిట్లుండాలె," అని సర్పంచ్ మైకులో సెలవిచ్చాడు. "ఏది పడ్డా ఊరి ఇజ్జత్ తియ్యలే. మీ కండ్లు గూడ జర గీ కన్నును చూసి నేర్చుకోవాలె."

అందరం చప్పట్లు కొట్టాం, రాయమల్లు పెండ్లాం కిష్టవ్వ తప్ప. "నల్లగుడ్డు మీద తెల్లమచ్చ లేచింది. నొప్పి లేదంటడు. గదే నా పరేషాన్," అని మొగుణ్ణి కరీంనగర్ తీసుకుపోయింది. నల్లగుడ్డు నరాలు చచ్చాయని, అందుకే పుండు పడ్డా తెలియలేదని, వదిలేస్తే చూపు పోతుందని డాక్టరమ్మ చెప్పింది. నరాలను మళ్లీ పెంచే చుక్కల మందు ఉందట. చాలా పిరం. చల్లగా దాచాలి, పగటిపూట రెండు గంటలకోసారి వేయాలి.

ఇక్కడ సర్పంచ్ ఉదారత గురించి చెప్పి తీరాలి. నరం పెరిగితే కన్ను ఇంకా మొండిదవుతుందని ఆయన అంచనా. మందు ఖర్చును గ్రామ ఆస్తుల మరమ్మతు కింద మంజూరు చేశాడు. పంచాయతీ ఆఫీసు ఫ్రిజ్‌లో పెద్దసార్ల కూల్‌డ్రింకులు తీయించి మరీ సీసాలు పెట్టించాడు.

కొన్ని వారాలకు రాయమల్లు వాకిట్లోకి ఉరికి వచ్చాడు. "మండుతుందే కిష్టవ్వా! నా కన్ను మండుతుంది!" మండిందని ఇంత సంబరపడ్డ మనిషిని మేం చూడలేదు. కిష్టవ్వ కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది.

సర్పంచ్ అప్పుడే వచ్చాడు. "రేపు మళ్ల తనిఖీ ఉంది. మందు బందు పెట్టున్రి."

"కన్ను పోయినంక నీ షీల్డు పెట్టుకొని చూస్తడా సర్పంచ్ సాబ్?" అంది కిష్టవ్వ, మందు చుక్క వేస్తూనే.

మర్నాడు సారు ఆ కన్నే చూస్తాననడంతో మళ్లీ కుర్చీ వేశారు, రుమాలు చుట్టారు. లారీ వచ్చింది. ఎడమ కన్ను టక్కున మూసుకుంది, చెంప మీదికి ధారగా నీరు కారింది. "దుమ్ము, సార్," అన్నాడు రాయమల్లు. మా ఊళ్లో ఆ మాట బహిరంగంగా అన్నది ఆయనే మొదలు.

సారు మావైపు తిరిగాడు. క్వారీ సేటు బతుకమ్మకు లైట్లు పెట్టించినవాడు, మా పిల్లలకు పని ఇచ్చినవాడు. తువ్వాళ్లతో, కొంగులతో ఎర్రటి కళ్లు తుడుచుకుంటూ ముక్తకంఠంతో చెప్పాం: "దుమ్మెక్కడిది సార్? ఆయనకే కంట్ల రోగముంది. మందు గూడ ఏసుకుంటుండు."

గ్రామంలో ఒకే ఒక్క కంటికి జబ్బు ఉన్నట్టు నివేదిక వెళ్లింది. షీల్డు నిలిచింది. రాయమల్లు పుండు మానింది, చూపు దక్కింది.

చివరిసారి ఆసుపత్రికి పోయినప్పుడు, ఆ మందు ఊరందరికీ వేయొచ్చా అని కిష్టవ్వ అడిగిందట. నరాలు బాగానే ఉన్నవాళ్లకు అది పనిచేయదని డాక్టరమ్మ చెప్పిందట. కాబట్టి మీరూ ఆశ పెట్టుకోకండి.