గుండెకు పంపు ఉన్నవాడి భోగం

గుండె పాడైపోవడం కన్నా అదృష్టం ఇంకోటి లేదు! ముఖం చిట్లించకండి, అనుభవం మీద చెబుతున్నాను.

నా గుండె చేతులెత్తేశాక డాక్టర్లు లోపల ఓ పంపు అమర్చారు. పొట్టలోంచి ఒక తీగ బయటికొస్తుంది. దాని చివర ఒక కంట్రోలరు, రెండు బ్యాటరీలు. పగలంతా వాటిని భుజానికి తగిలించుకుని తిరుగుతాను, పడుకునేటప్పుడు గోడకున్న ప్లగ్గుకి నన్నే తగిలిస్తారు. ఫ్రిజ్జుకీ నాకూ తేడా ఏమిటంటారా? ఫ్రిజ్జునైతే అప్పుడప్పుడూ ఆపొచ్చు.

ఈ పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తూనే ఉంటుంది కాబట్టి నాకు నాడి కొట్టుకోదు. మొన్న క్లినిక్కులో కొత్త నర్సు నా మణికట్టు పట్టుకుని తెల్లబోయింది.

"సార్, మీకు నాడి లేదండీ!"

"తెలుసమ్మా. నువ్వు వెతుకుతూ ఉండు, ఈలోగా టీ తాగి రానా?"

వాక్యూమ్ క్లీనర్ ముట్టుకోవద్దని కూడా డాక్టరు రాసిచ్చాడు. అందులో పుట్టే కరెంటు తగిలి కంట్రోలరు చెడిపోవచ్చట. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. ఏ మొగుడికి దక్కుతుందండీ ఇంత భాగ్యం!

ఇక సంసారంలో లాభం చెప్పనక్కర్లేదు. పంపు సంగతి నేర్చుకున్న మనిషి ఒకరు ఎప్పుడూ నా పక్కన ఉండాలని ఆసుపత్రి నియమం. మా ఇంట్లో నేర్చుకున్నది మా ఆవిడ ఒక్కతే. ఒకప్పుడు కోపమొస్తే వాళ్లక్క ఇంటికి వెళ్లిపోయేది. ఇప్పుడో? అలిగినా నా ఎదురు కుర్చీలోనే కూర్చుని అలగాలి! మూతి ముడుచుకునే బ్యాటరీ మారుస్తుంది.

నిన్న వాళ్లక్క ఫోను చేసింది. కంటికి ఆపరేషనయిందట. "రెండ్రోజులు వచ్చి ఉండవే" అంది.

"ఎలా వచ్చేదక్కా? ఈయన దగ్గర ఎవరుంటారు?" అని ఫోను పెట్టేసి మా ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. కుళాయి చాలాసేపు తిప్పే ఉంచింది. నాకు సిగ్గేసింది.

నాకేమైనా మనుషులు తక్కువా? ఇద్దరు తమ్ముళ్లు, ఓ కొడుకు, ఓ అల్లుడు. రోజూ ఫోన్లే! "నాన్నా, ఛార్జింగెంతుంది?" "అన్నయ్యా, జాగ్రత్త!" ఎంత ప్రేమ! నేర్చుకోవడానికి రమ్మంటే మాత్రం పెద్ద తమ్ముడికి నడుం నొప్పి, చిన్నోడికి మీటింగు. అల్లుడుగారికి ఆ తీగ చూస్తేనే కళ్లు తిరుగుతాయట. మావాడైతే "అమ్మ ఉందిగా!" అన్నాడు.

ఉందిరా. ఎనిమిది నెలలుగా వీధి చివరికైనా ఒంటరిగా వెళ్లకుండా ఉంది.

శనివారం పదింటికి ఆసుపత్రిలో క్లాసు. రెండంటే రెండే గంటలు. ఈ పత్రిక మీ నలుగురి ఇళ్లకీ వస్తుందని నాకు తెలుసు. ఎవరో ఒకరు రండర్రా, ఆవిడ వెళ్లి వాళ్లక్కని చూసొస్తుంది.